వెనక గదిలో వినాయకులు

మా ఇంటి వెనక గదికి తలుపుంది గానీ, చాలా ఏళ్ళపాటు అది మూసుకునేది కాదు. తలుపు వెనక సంచులు, సంచుల వెనక అట్టపెట్టెలు, వాటి వెనక గోడ. అన్నిట్లోనూ దేవుళ్ళే. శుభలేఖల మీది వినాయకులు, క్యాలెండర్ల మీది లక్ష్ములు, చట్రం విరిగిన వెంకన్నలు, అగరుబత్తి డబ్బాల మీది శివపార్వతులు. మా ఆయన చెప్పులు విప్పుకుంటూ అటు చూసి అనేవాడు:

"ముక్కోటి దేవతలు మనింట్లనే ఉన్నరు. ఒక్కలన్న కిరాయి కడ్తలేరు."

నేను నవ్వేదాన్ని. మా బిడ్డ కూడా నవ్వుతుందనే అనుకునేదాన్ని.

నానక్‌రామ్‌గూడలో ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంట్ల వెనక, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, పనివాళ్ళకిచ్చే రెండు గదుల ఇల్లు మాది. మా ఆయన అక్కడ ఎలక్ట్రీషియన్. ఆ పని ఉన్నన్నాళ్ళూ ఇల్లు మాదే. అద్దె లేదు, నీళ్ళకు కొదవ లేదు. పొద్దున దీపం పెట్టినప్పుడు దేవుడికి చెప్పుకునే కృతజ్ఞతల్లో ఈ ఇంటిదే మొదటి వరస. అయితే ఊరికే వచ్చిన ఇంట్లో ఉండేవాళ్ళ నోటికి 'వద్దు' అనే మాట అంత త్వరగా రాదు. పైనున్న మూడు వందల ఇళ్ళలో ఎవరు పిలిచినా "ఆఁ అమ్మా" అనే అలవాటైపోతుంది.

ఒక ఆదివారం మా బిడ్డ ఫోను పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది. డిగ్రీ అయిపోయి ఏడాది దాటింది. ఇంటి నుంచే ఫోన్లు ఎత్తి, వస్తువులు కొన్నవాళ్ళ ఫిర్యాదులు వినే ఉద్యోగం వచ్చిందట. కానీ రేపు కాక పై సోమవారం పొద్దున పదింటికి వీడియోలో గది చూపించాలి. తలుపు మూసుకోవాలి. వెనక గోడ ఖాళీగా ఉండాలి. బయటి చప్పుడు లోపలికి రాకూడదు. ఇవి లేకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"గా గది ఖాళీ చెయ్యాలె అమ్మా."

"చేద్దాం బిడ్డా."

"చేద్దాం చేద్దాం గాదు. ఎనిమిది దినాలే ఉన్నయి. ఇన్నేండ్లల్ల ఒక్క సంచన్న బయటికి పోయిందా, నువ్వే చెప్పు."

అప్పుడు మా బిడ్డ తల వంచుకుని, ఇంకొక మాట చెప్పింది. అంతకుముందు రెండుసార్లు ఇలాంటి ఉద్యోగాలే వచ్చాయట. గది లేదని చెప్పడానికి మొహం చెల్లక, ఒంట్లో బాగోలేదని చెప్పి వదులుకుందట. ఆ రెండుసార్లూ అది ముందు గదిలో, స్టవ్వు పక్కన నా ఎదుటే కూర్చుని ఫోను మాట్లాడి ఉండాలి. నేను కూర తరుగుతూ ఉండి ఉంటాను.

ఈ దేవుళ్ళు నా దగ్గరికి ఎలా చేరారో చెప్పాలంటే మా నాయిన దగ్గర మొదలుపెట్టాలి.

నా చిన్నతనంలో మేము జీడిమెట్లలో ఫ్యాక్టరీల పొగ పక్కన ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. మా నాయిన శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో కటింగ్ మిషను మీద పని చేసేవాడు. నాకు పుట్టినప్పటి నుంచీ ఆయాసం. బడికి పంపిస్తే మూడో రోజుకు దవాఖానాలో తేలేదాన్ని. అలా రెండేళ్ళు చూసి, ఇంట్లోనే ఉంచేశారు. మా గదికి ఒకటే కిటికీ. దుమ్ము వస్తుందని దాన్ని కూడా మూసి ఉంచేవాళ్ళు. అమ్మ పనికిపోతే నేను, కిటికీ సందులోంచి పడే వెలుతురు గీత. అది గోడ మీద మెల్లగా జరిగేది. దాన్ని చూసి పొద్దు ఎంతైందో చెప్పేదాన్ని.

ప్రెస్సులో తప్పు పడ్డ కార్డులు ఉండేవి. తేదీ తప్పో, పెళ్ళికొడుకు ఇంటిపేరు తప్పో, రంగు పక్కకు జరిగిందో. చిత్తుకాగితాల్లో అన్నీ పోయేవి గానీ, దేవుడి బొమ్మ పడ్డవాటిని మాత్రం ఎవరూ చిత్తులో వేసేవాళ్ళు కాదు. ఒక మూల పేర్చేవాళ్ళు. ఆ మూల ఎత్తు పెరిగేది. ఏం చెయ్యాలో ఎవరికీ తెలిసేది కాదు. మా నాయిన వాటిని చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. వాటి వెనక ఖాళీ జాగాలో నాకు అక్షరాలు దిద్దబెట్టేవాడు. నాకు మొదట వచ్చిన అక్షరం 'అ' కాదు, 'శ్రీ'. కార్డు పైన పెద్దగా ఉండేది అదే కాబట్టి.

"శ్రీ వచ్చిందంటే ఇగ ఏదైనా వస్తది బిడ్డా. గింత వంకర అక్షరం ఇంకోటి లేదు" అనేవాడు.

అలా శుభలేఖల్లోనే చదవడం నేర్చుకున్నాను. జనగామ, సిరిసిల్ల, తెనాలి, ఏలూరు అన్న ఊళ్ళు ఉన్నాయని వాటిలోనే తెలిసింది. ఊళ్ళు చూడలేదు గానీ ఏ ఊళ్ళో ఏ కల్యాణ మండపం బస్టాండుకు దగ్గరో చెప్పగలిగేదాన్ని. విందు పగలా రాత్రా, పెళ్ళికూతురికి తమ్ముళ్ళెంతమంది, అన్నీ తెలుసు. లేని తేదీల్లో, లేని ఇంటిపేర్లతో ఆ పెళ్ళిళ్ళన్నీ మా గదిలోనే జరిగాయి. నేను మంచం మీద దిండుకు ఆనుకుని అన్నిటికీ వెళ్ళొచ్చాను.

చదివేశాక ఆ కార్డుల్ని ఏం చెయ్యాలని ఒకసారి అడిగాను. మా నాయిన చేతులు కడుక్కుంటున్నాడు.

"దేవుని బొమ్మ కాలికింద పడొద్దు, పొయ్యిల పడొద్దు, చెత్తల పడొద్దు."

"మరి యాడ పడాలె నాయినా?"

"నీ దగ్గర" అన్నాడు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ.

ఆయన ఏదో మురిపెంగా అన్నాడు. నేను దాన్ని బతుకంతా నెత్తిన పెట్టుకున్నాను.

అమ్మ కత్తెరతో వినాయకుల్ని కత్తిరించి, మైదాపిండి జిగురు కాచి, పాత డైరీలో అతికించడం మొదలుపెట్టాను. ఒక్క గీతతో గీసిన వినాయకుడు, తమలపాకు మీద కూర్చున్న వినాయకుడు, పుస్తకం చదువుకునే వినాయకుడు, ఎలుకతో ఏదో గుట్టు మాట్లాడుతున్నట్టుండే వినాయకుడు. ఎన్నున్నాయని ఎవరైనా అడిగితే లెక్కపెట్టలేదనేదాన్ని. నిజంగానే ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఒకే బొమ్మ రెండోసారి వస్తే మాత్రం చూడగానే తెలిసిపోయేది. అన్ని వేల పెళ్ళిళ్ళలో ఎవరి వినాయకుడు వాళ్ళకుంటాడని నాకో నమ్మకం. అందుకే రెండోది వస్తే మోసపోయినట్టుండేది.

ఆయాసం తగ్గేసరికి బడి వయసు దాటిపోయింది. పెళ్ళి కుదిరాక మా నాయిన నా డైరీ నా చేతికే ఇచ్చి, నీ కార్డు మీద ఏ వినాయకుడుండాలో నువ్వే చెప్పమన్నాడు. చదువుకునే వినాయకుణ్ణి చూపించాను. మా ఇంటికి వచ్చిన కార్డుల్లో తప్పు లేనిది అదే మొదటిది.

నానక్‌రామ్‌గూడకు వచ్చాక డైరీ ట్రంకుపెట్టెలో అలా ఉండిపోయింది. మా బిడ్డ ఏడో తరగతిలో ఉండగా నాలుగో అంతస్తు అమ్మగారు దానికి సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పేవారు. గోదావరి జిల్లా నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ. టీచరు పని చేసి రిటైరయ్యారు. ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆ మేలు నేను ఏ పూజలో మరిచిపోను. ఒకరోజు ఆవిడే సంచి పట్టుకుని కిందికి వచ్చారు.

"ఏవమ్మా, నువ్వు వినాయకుడి బొమ్మలు దాచుకుంటావటగా, మీ అమ్మాయి చెప్పింది. ఇవిగో, మూడేళ్ళ కార్డులు. పారేద్దామంటే చెయ్యి రావట్లేదు. మా ఊళ్ళో అయితే ఏ కాలవలోనో వదిలేద్దును. ఇక్కడెక్కడ వెయ్యను చెప్పు?"

"ఇయ్యండమ్మా" అన్నాను. ఇంకేమంటాను?

ఆవిడ సంతోషం పట్టలేక అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టారు, దేవుడి పటాలూ కార్డులూ ఉంటే కింద ఎలక్ట్రీషియన్ వాళ్ళింట్లో ఇవ్వండి, ఆ అమ్మాయి భక్తిగా చూసుకుంటుంది అని. మంచి మనసుతోనే పెట్టారు. మరుసటి రోజుకు గడప దగ్గర ఆరు సంచులు.

అప్పటి నుంచి ఆగలేదు. ఇల్లు మారేవాళ్ళు పూజగది పటాలు దించి తెచ్చేవాళ్ళు. అత్తగారు పోయిన కోడలు ఆవిడ క్యాలెండర్ల కట్ట తెచ్చి, ఏడుస్తూ ఇచ్చింది. శుభలేఖలు కూడా ఏటేటా బరువెక్కాయి. ఒకప్పుడు అట్టముక్క, తర్వాత అట్టపెట్టె, తర్వాత చెక్కపెట్టె. లోపల బాదం పప్పు అరలు, పైన ఇత్తడి రేకు వినాయకుడు, మూత తెరవగానే బ్యాటరీతో మంత్రం పాడేవి. అందరూ పోతూ పోతూ "నీకు పుణ్యం తల్లీ" అనేవాళ్ళు. ఆ మాట విన్న తర్వాత చాలమ్మా, ఇక తేవొద్దు అని ఎలా అంటాం?

బయట పెట్టి రాలేకపోయానా అంటే, ఒకసారి ప్రయత్నించాను. ప్రహరీ మూల వేపచెట్టు మొదట్లో రెండు సంచులు ఉంచి దండం పెట్టి వచ్చాను. మర్నాడు పొద్దున చెత్త ఆటోలో, అరటి తొక్కల మీద, వెల్లకిలా లక్ష్మీదేవి కనిపించింది. ఆటో ఆపించి తెచ్చుకున్నాను. కడిగి, తుడిచి, మళ్ళీ వెనక గదిలోనే.

గదికి కిటికీ లేదు. సంచులు నిండే కొద్దీ అక్కడ పడుకోవడం మానేశాం, తర్వాత బట్టలు ఆరేయడం మానేశాం, తర్వాత లోపలికి పోవడమే మానేశాం. తలుపు సందులోంచి కొత్త సంచి లోపలికి తోసేదాన్ని. అప్పుడప్పుడూ లోపల బరువులు సర్దుకుని ఏదో పెట్టె మూత లేచి, మంత్రం పాడి ఆగిపోయేది. నేను స్టవ్వు దగ్గర నిలబడి దండం పెట్టుకునేదాన్ని. ఆ గదిని చూస్తే నాకు జీడిమెట్ల గది గుర్తొచ్చేది గానీ, ఎందుకు గుర్తొస్తోందో ఆలోచించేదాన్ని కాదు.

ఇప్పుడు ఎనిమిది రోజులు. మొదటి రోజు పాత కాగితాలు కొనే అతన్ని పిలిచాను. మదీనాగూడలో దుకాణం, మా వైపు మూడు చక్రాల రిక్షాబండి మీద వస్తాడు. తలుపు సందులోంచి లోపలికి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"అరే అక్కా! నేను గూడ మొక్కేటోన్నే. దేవుణ్ణి తరాజుల ఎట్ల పెట్టాలె?"

"పైసలొద్దు తమ్మీ. ఊకెనే తీస్కపో."

"పైసల ముచ్చట గాదక్కా. ఒక పని చెయ్యి. బొమ్మలు కత్తిరించి నువ్వు పెట్టుకో. మిగిలింది వట్టి కాగితమే, నేను కొంటపోత. జర పరేషానే గని, అయితది."

"కాగితం మీద శ్రీ అని ఉంటది గదా. శ్రీరస్తు, శుభమస్తు అని..."

అతను నెత్తి గోక్కున్నాడు. "అక్షరాలు గూడ దేవుళ్ళే అంటే నా దుకాణం గుడి అయితదక్కా. గీ బండిల ఉన్నయన్ని అక్షరాలే."

ఆ మధ్యాహ్నమే అమ్మ కత్తెర తీశాను. మొదటి రోజు శ్రీలు కూడా కత్తిరించాను. సాయంత్రానికి ఒక్క సంచి అయింది. గదిలో ఇంకా తలుపు దాకా సంచులే. రెండో రోజు శ్రీని వదిలేశాను. మా నాయిన వేలు పట్టి దిద్దబెట్టిన అక్షరం. దాన్ని వట్టి కాగితంలో వెయ్యడానికి ప్రతిసారీ చెయ్యి ఆగేది. ప్రతిసారీ తప్పయింది తండ్రీ అనుకుని వేసేదాన్ని. మా బిడ్డ వచ్చి పక్కన కూర్చుని ఇంకో కత్తెర పట్టుకుంది. చట్రాలు, చెక్కపెట్టెలు విప్పడం మా ఆయన పని. గాజు పలకలు గోడకు ఆనించి, "అందరు దేవుళ్ళను ఒక్కపాలి డిశ్చార్జి చేసినట్టున్నది" అన్నాడు.

నేను చెప్పగా వినడమే గానీ ఎప్పుడూ చూడని నా పాత డైరీ మా బిడ్డకు దొరికింది. పేజీలు తిప్పుతూ చాలాసేపు ఉంది.

"ఇవన్ని నువ్వే అతికినవా? ఎంతున్నప్పుడు?"

"నీకన్న చిన్నగున్నప్పుడు. బయటికి పంపకపోతుండె గదా."

"మరి గప్పుడు నీకు కోపం రాకపోయేదా?"

ఎవరి మీద రావాలి? మంచి గాలి లేక ఆయాసం. ఆయాసం వల్ల గది. గదిలో మా నాయిన తెచ్చిన అక్షరాలు. అవే నన్ను బతికించాయి, నేను ఎప్పుడూ కృతజ్ఞతే చెప్పుకున్నాను. కానీ మా బిడ్డ ఆ ప్రశ్న అడిగాక చేతిలో ఉన్న వినాయకుడి తొండం మధ్యలోంచి కత్తిరించాను.

శనివారానికి కాగితాలు కొనే అతని బండి అయిదుసార్లు నిండింది. గదిలో మిగిలిన దేవుళ్ళు రెండు బిస్కెట్ డబ్బాల్లో పట్టారు. కాగితపు వినాయకుడు అంత పలచన. సంచులకొద్దీ అయితే వెయ్యనివ్వరు గానీ రెండు డబ్బాలే కదా, వినాయకచవితికి నిమజ్జనం చెరువులో విడుద్దామని అటకెక్కించాను. ఆదివారం మా ఆయన గోడకు తెల్ల సున్నం వేశాడు. నా కత్తెరకూ మా ఆయన స్క్రూడ్రైవరుకూ లొంగనిది ఒక్కటే మిగిలింది, ఇత్తడి రేకు వినాయకుడున్న ఒక చెక్కపెట్టె. దాన్ని ముందు గదిలో మంచం కిందికి తోశాను.

సోమవారం పది గంటలకు మా బిడ్డ లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ తలుపు గడియ పడిన చప్పుడు మా ఇంట్లో అదే మొదటిసారి విన్నాను. మా ఆయన పనికి బయల్దేరుతూ, మంచం కింద ఉన్న పనిముట్ల సంచి లాగాడు. సంచితో పాటు చెక్కపెట్టె మూత లేచింది. గణపతి మంత్రం, గుళ్ళో మైకు పెట్టినట్టు.

మా ఆయన చేతులెత్తేశాడు. నేను మూత మూశాను, ఆగలేదు. ఎన్నో ఏళ్ళుగా అణిగి ఉన్న పెట్టె, స్ప్రింగు ఎక్కడో పట్టుకుపోయింది. గుండెకు హత్తుకున్నాను, ఆగలేదు. చివరికి బియ్యం డబ్బా మూత తీసి, పెట్టెను బియ్యంలో మోచేతి దాకా పూడ్చి, మూత పెట్టి, దాని మీద కూర్చున్నాను. కింద నుంచి సన్నగా వినపడుతూనే ఉంది. లెంపలేసుకుంటూ కూర్చున్నాను. దేవుడి పేరు వినపడకూడదని దేవుణ్ణి పాతిపెట్టినదాన్ని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అరగంటకు తలుపు తెరుచుకుంది.

"లోపటికి వినపడ్డదా?"

"వినపడ్డది. గుడి పక్కకే ఉంటరా అని అడిగిండు ఆ సారు. ఫోన్ రింగయింది అన్న."

"అబద్ధం చెప్పినవా బిడ్డా?"

"మరేం చెప్పాలె? మా అమ్మ దేవున్ని బియ్యంల పూడుస్తున్నది అని చెప్పాల్నా?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అంది. "ఉద్యోగం ఇచ్చిన్రు. గని ఇంకోసారి చప్పుడు వినపడితే తీసేస్తరంట. నువ్వు జర యాదుంచుకో అమ్మా."

యాదుంచుకున్నాను. మా ఆయన కాలింగ్ బెల్లు తీగ పీకేశాడు. నేను కుక్కరు పక్కన పెట్టి గిన్నెలో అన్నం వండడం మొదలుపెట్టాను. దీపం దగ్గర గంట కొట్టడం మానేసి పెదవులతోనే చదువుకునేదాన్ని.

రెండో వారం, పదకొండు గంటలప్పుడు, గడప ముందు ఎవరో నిలబడ్డట్టు నీడ పడింది. నాలుగో అంతస్తు అమ్మగారు. చేతిలో పెద్ద గుడ్డసంచి, పైకి కనిపిస్తున్న క్యాలెండర్ల చుట్ట.

"ఏవమ్మా, మా మనవరాలి పెళ్ళి కార్డులు ఇన్ని మిగిలిపోయాయి. వీటితో పాటు..."

వేలు పెదవుల మీద పెట్టి, వెనక గది వైపు చూపించాను. లోపలి నుంచి మా బిడ్డ గొంతు వస్తోంది, ఇంగ్లీషులో, నెమ్మదిగా. ఎవరో ఏదో అన్నారు కాబోలు, సారీ చెబుతోంది. అమ్మగారు ఆగి విన్నారు. తను నేర్పిన ఇంగ్లీషే అది. ఆవిడ మొహం వెలిగింది. అలా వెలిగిన మొహంతోనే సంచి నా చేతికి చాచారు.

నోరు తెరిస్తే నేను "ఇయ్యండమ్మా" అనేదాన్ని. ఆ మాట తప్ప నా నోటికి ఇంకోటి రాదు. కానీ ఇప్పుడు నోరు తెరవడానికి లేదు. తల అడ్డంగా ఊపాను. ఆవిడకు అర్థం కాలేదు, సంచి ఇంకొంచెం ముందుకు జరిపారు. కిటికీలో కత్తెర ఉంది. దాన్ని తీసి ఆవిడ సంచిలో, కార్డుల పైన పెట్టాను. పై కార్డు మీది వినాయకుడి చుట్టూ వేలితో గీసి చూపించాను. సంచిని రెండు చేతులతో ఆవిడ వైపే జరిపి, నమస్కారం పెట్టాను.

ఆవిడ కత్తెరనూ నన్నూ మార్చి మార్చి చూశారు. సంచి పట్టుకుని లిఫ్టు వైపు వెళ్ళిపోయారు. మోకాళ్ళ నొప్పి మనిషి, ఆ బరువుతో వంగి నడుస్తుంటే వెనక నుంచి చూడలేకపోయాను. పరుగెత్తి తెచ్చుకుందామా అని గడప దాకా వెళ్ళి ఆగాను. ఆ సాయంత్రమంతా అసోసియేషన్ వాళ్ళ నుంచి మా ఆయనకు ఫోను వస్తుందేమోనని కాచుకున్నాను. రాలేదు.

మూడో రోజు తలుపు గొళ్ళేనికి చిన్న కవరు వేలాడుతోంది. లోపల నా కత్తెర, కాగితంలో చుట్టి. దానితో పాటు గుప్పెడు వినాయకులు, అన్నీ ఒకటే రకం. చీటీ లేదు. వయసు మీద పడ్డ చెయ్యి, అంచులన్నీ వంకరగా తెగాయి. ఒకదానికి కుడి చెవి సగం లేదు. ఆవిడకు కోపమొచ్చిందో లేదో తెలియదు. ఆ తర్వాత ఆవిడ కిందికి రాలేదు. ఇంకా వెళ్ళి మాట్లాడటానికి నాకు ధైర్యం చాలలేదు.

డైరీలో చివరి పేజీ ఖాళీగా ఉంటే, మైదా జిగురు కాచి, ఆ చెవి తెగిన వినాయకుణ్ణి అతికించాను. అప్పటికి ఒంటి గంట. మా బిడ్డ పొద్దున తొమ్మిదింటికి లోపలికి పోయింది, ఆరింటికి గానీ రాదు. మధ్యలో అరగంట అన్నానికి. కిటికీ లేని గది, తెల్ల గోడ, మూసిన తలుపు. లోపల అది ఎవరికో సారీ చెబుతోంది. నేను గిన్నె మీద మూత చప్పుడు కాకుండా పెట్టి, తలుపుకు ఇవతల కూర్చున్నాను.